ఒంటిగంట ఫిరంగి: విదేశంలో చదువుకుంటూ యాత్రారచన నేర్చుకోవడం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకిచ్చిన విషయం విదేశంలో చదువుకుంటూ యాత్రారచన నేర్చుకోవడం. నేను ఎడిన్‌బరోలో రెండేళ్లు భూగర్భశాస్త్రం చదివాను. పగలంతా రాళ్లతో సరిపోయేది. వారానికి ఒక సాయంత్రం, తొమ్మిది మంది మాత్రమే ఉన్న యాత్రారచన తరగతికి వెళ్లేవాణ్ని. ఆ తరగతిలో నేర్చుకున్నదాని కన్నా, అక్కడ చివాట్లు తిన్నాక రాళ్ల దగ్గర నేర్చుకున్నదే నా రాతకు ఎక్కువ పనికొచ్చింది. ముందు ఆ చివాట్ల సంగతి చెబుతాను.

ఎడిన్‌బరో కోట మీది నుంచి మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు. 1861 జూన్ 7న మొదలైన ఈ ఏర్పాటు, యుద్ధకాలాల్లో ఆగినా, నేటికీ నడుస్తోంది. నేను చేరిన నాలుగో వారంలో మా తరగతి వాళ్లను ఈ నగరంలో విన్న ఒక శబ్దం గురించి పేజీన్నర రాసుకు రమ్మన్నారు. ఫిరంగి కన్నా పెద్ద శబ్దం ఏముంటుంది అనుకుని, అప్పటికి దాన్ని దగ్గర నుంచి ఒక్కసారి కూడా వినకుండానే, శనివారం రాత్రి గదిలో కూర్చుని రాసేశాను. అందులో నాకు బాగా నచ్చిన పేరా ఇది: "ఫిరంగి గర్జించింది. నగరం ఒక్కసారిగా ఉలిక్కిపడింది. వేలాది పావురాలు రెక్కలు టపటపలాడించుకుంటూ ఆకాశానికి ఎగిరాయి. శతాబ్దాల చరిత్ర కళ్ల ముందు నిలిచింది."

మర్నాడు ఆదివారం. రాసినదాన్ని ఒకసారి కళ్లారా చూసి ఖాయం చేసుకుందామని కోట కిందున్న తోటకు వెళ్లి, పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంట అయింది. ఒంటిగంటా పది నిమిషాలైంది. ఏమీ పేలలేదు. బల్ల మీద పక్కన కూర్చున్న పెద్దాయన నా అవస్థ గమనించి, ఈ రోజు ఆదివారం కదా అన్నాడు. ఆదివారాలూ, గుడ్‌ఫ్రైడే నాడూ, క్రిస్మస్ నాడూ ఫిరంగి పేలదని అప్పుడు తెలిసింది. ఇది తెలిశాక నేను చేయవలసిన పని ఆ కాగితం చింపెయ్యడం. కానీ పేరా బాగుంది కదా అన్న మమకారం కొద్దీ సోమవారం సాయంత్రం దాన్ని తరగతిలో చదివి వినిపించాను.

మా ఉపాధ్యాయురాలు ఒకప్పుడు పత్రికలో విలేఖరి. అంతా విని ఒక్కటే అడిగారు: "పావురాలు ఎన్ని?" వేలాది అని రాశానని చెప్పాను. "లెక్కపెట్టారా?" అని మళ్లీ అడిగారు. నేను మాట్లాడలేదు. ఆవిడ కూడా ఇంకేమీ అనకుండా పక్క వారి కాగితం అందుకున్నారు. మంగళవారం మళ్లీ తోటకు వెళ్లాను. పావురాలు పద్నాలుగున్నాయి. ఫిరంగి పేలింది. పద్నాలుగింటిలో ఒక్కటి కూడా నేల మీది ముక్కల నుంచి తల ఎత్తలేదు. ఉలిక్కిపడింది నగరం కాదు, ఫొటోలు తీసుకుంటున్న ఇద్దరు పర్యాటకులు, నేను. ఆకులు ఊడుస్తున్న మనిషి చేతి గడియారం చూసుకుని, చీపురును చెట్టుకు ఆనించి వెళ్లిపోయాడు.

ఆ పావురాలు నా పేరాలోకి ఎక్కడి నుంచి వచ్చాయని తర్వాత ఆలోచించాను. నేను చదివిన వ్యాసాల నుంచీ, చూసిన సినిమాల నుంచీ వచ్చాయి. కొత్త దేశానికి వెళ్లినవాడు కొత్తవే చూస్తాడనుకుంటాం. నిజానికి కొత్త చోట కళ్లకు ఆనవాళ్లు దొరకవు కనుక, తెలిసినవాటినే వెతుక్కుంటాయి. 'కళ్లు చెదిరే', 'మాటల్లో చెప్పలేని' అనే మాటలు రాతలో దొర్లేది సరిగ్గా అప్పుడే. మాటల్లో చెప్పలేనిదాన్ని మాటల్లో చెబుతానని పాఠకుణ్ని కూర్చోబెట్టి, చివరికి చెప్పలేనంటే అతడు నొచ్చుకోడా?

ఇక రాళ్ల సంగతి. భూగర్భశాస్త్ర విద్యార్థికి మొదటి వారంలోనే చేతిలో పెట్టేది క్షేత్ర పుస్తకం. వానలో కూడా రాయగలిగే గట్టి అట్ట పుస్తకం, ఒక పెన్సిల్. సిరా పనికిరాదు, తడిస్తే కారిపోతుంది. ప్రతి పేజీ తలమీద చోటు, తేదీ, గంట, వాతావరణం ఉండాలి. గీసిన ప్రతి బొమ్మ పక్కన కొలత ఉండాలి. చూసింది ఎడమ పేజీలో, దాని గురించి అనుకున్నది కుడి పేజీలో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన సరైనది రాయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉండాలి.

ఎడిన్‌బరోలో సాలిస్‌బరీ క్రాగ్స్ అనే కొండ అంచు ఉంది. అక్కడ ఒక చిన్న భాగాన్ని హట్టన్ పేరుతో పిలుస్తారు. జేమ్స్ హట్టన్ 1726లో అదే నగరంలో పుట్టి, 1797లో అక్కడే పోయినవాడు; భూమి వయసును మనుషుల లెక్కల నుంచి విడిపించినవారిలో ముందువరసలో నిలిచినవాడు. మా మొదటి క్షేత్ర పాఠం ఆ రాతి ముందే జరిగింది. నేను పుస్తకంలో "కరిగిన రాయి ఇసుకరాతి పొరల్లోకి చొచ్చుకుపోయింది" అని రాశాను. మా మాస్టారు అది చూసి, "చొచ్చుకుపోవడం మీరు చూశారా?" అన్నారు. వారం తిరగకుండా రెండోసారి నాకు అదే ప్రశ్న. నేను చూసింది ఏమిటి? ఎర్రటి పొరలు అడ్డంగా సాగుతూ వచ్చి ఒకచోట విరిగి పైకి లేచి ఉన్నాయి. ఆ లేచినచోట, వాటి కిందికి, ముదురు రంగు గట్టిరాయి దూరి ఉంది. ఇంతే. మిగతాది హట్టన్ చేసిన ఊహ, గొప్ప ఊహ, నిజమని తేలిన ఊహ. అయినా అది కుడి పేజీ సరుకు. ఎడమ పేజీ సరిగ్గా ఉంటే, కుడి పేజీ రేపు తల్లకిందులైనా పుస్తకం చెడిపోదు.

ఆ రోజు నుంచి నేను ఫిరంగిని కూడా క్షేత్ర పుస్తకం పద్ధతిలోనే రాయడం మొదలుపెట్టాను. ఎడమ పేజీలో పద్నాలుగు పావురాలు, ఇద్దరు పర్యాటకులు, చెట్టుకు ఆనించిన చీపురు. కుడి పేజీలో, కొత్తవాడి గొప్ప తీర్మానం ఒకటి: "ఈ ఊరివాళ్లకు తమ చరిత్ర మీద పట్టింపు లేదు."

తేదీ వేసి ఉంది కనుక కచ్చితంగా చెప్పగలను, ఆ తీర్మానం మీద గీత పడటానికి అయిదు నెలలు పట్టింది. మార్చిలో ఒక రోజు జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి మీదున్న స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయంలో చదువుకుంటున్నాను. ఒక పేజీ మధ్యలో పుస్తకం మూసి, కోటు వేసుకుని, తిండికి బయటకు నడిచాను. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక తట్టింది, నేను గడియారం చూడలేదు. ఫిరంగి పేలింది, నా చెవి వినలేదు, కాళ్లు విన్నాయి. చీపురు ఆనించి వెళ్లిన మనిషి అప్పుడు అర్థమయ్యాడు. అతనిది నిర్లక్ష్యం కాదు. ఆ చప్పుడు అతనికి ఎప్పుడో ఆకలి అయిపోయింది.

ఈ రోజు మీకు నేను చెప్పదలచుకున్న మాట ఇదే. పర్యాటకుడికి ఫిరంగి వినిపిస్తుంది. స్థానికుడికి వినిపించదు. వినిపించిన రోజూ, వినిపించడం మానేసిన రోజూ రెండూ ఒకే పుస్తకంలో తేదీలతో సహా దొరికేది అక్కడ కొన్నాళ్లు ఉండి చదువుకునే మనిషి దగ్గరే. నాలుగు రోజులు చూసి వెళ్లేవాడికి తన తీర్మానం తప్పని తెలిసే అవకాశం ఉండదు. అక్కడే పుట్టినవాడికి ఆ తీర్మానం చేసే అవసరమే రాదు. మనకు సెమిస్టర్లు ఉన్నాయి. అక్టోబరులో రాసినదాని మీద మార్చిలో గీత గీయవచ్చు. అయితే దీనికి ఒక షరతు ఉంది, అక్టోబరులో రాసి ఉండాలి. మొదటి మూడు నాలుగు వారాల్లో కనిపించే వింతలు, బస్సు దిగుతూ డ్రైవరుకు అందరూ కృతజ్ఞతలు చెప్పడం వంటివి, నవంబరు దాటాక వింతలుగా కనిపించవు. ఎంత తలకొట్టుకున్నా ఆ కళ్లు మళ్లీ రావు. "కాస్త కుదురుకున్నాక రాస్తాను" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. కుదురుకున్నాక వాళ్ల దగ్గర రాయడానికి చప్పుడు మిగల్లేదు.

చూడటం తర్వాతి పని ఎందుకు అని అడగటం. ఫిరంగి పన్నెండుకు కాకుండా ఒంటిగంటకు ఎందుకు? నగరం చూపించే గైడ్లు దీనికి ఒక జోకు చెబుతారు: స్కాట్లండ్ వాళ్లు పొదుపరులు, పన్నెండు గుళ్లు కాల్చే బదులు ఒక్కటితో సరిపెట్టుకున్నారని. జోకు బాగుంటుంది, అందుకే ప్రతి విద్యార్థి వ్యాసంలోనూ అదే కనిపిస్తుంది. అసలు కారణం ఖగోళ పరిశీలకుల పనివేళల్లో ఉంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి గీత దాటే క్షణాన్ని పట్టుకోవడంలో వాళ్లు తలమునకలుగా ఉంటారు. ఆ పని ముగించి, గడియారం సరిచేసుకుని, లోకానికి వేళ చెప్పడానికి ఒంటిగంట అనువైనది. లండన్ దగ్గరి గ్రీనిచ్ వేధశాలలో 1833 నుంచి కాలసూచిక బంతిని, అంటే వేళ తెలపడానికి కడ్డీ మీద పైకెక్కించి కిందికి వదిలే పెద్ద గోళాన్ని, ఒంటిగంటకే జార్చేవారు. ఎడిన్‌బరోలో కూడా, స్కాట్లండ్ రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ పియాజ్జి స్మిత్ చొరవతో, 1850ల తొలి ఏళ్లలో కాల్టన్ గుట్ట మీది నెల్సన్ స్తంభంపై అటువంటి బంతినే పెట్టారు. రేవులోని ఓడలవాళ్లు దూరం నుంచి దాన్ని చూసి తమ గడియారాలు దిద్దుకునేవారు. నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే గడియారం సరిగ్గా ఉండాలి. నాలుగు సెకన్ల తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర లెక్క దాదాపు రెండు కిలోమీటర్లు తప్పుతుంది.

బంతి ఉండగా ఫిరంగి ఎందుకంటే, పొగమంచు. వసంతంలోనూ వేసవిలోనూ చల్లని ఉత్తర సముద్రం మీదికి వెచ్చని తేమగాలి వచ్చినప్పుడు మంచు కమ్ముకుని ఒడ్డు మీదికి పాకుతుంది. అక్కడివాళ్లు దాన్ని 'హార్' అంటారు. హార్ కమ్మిన రోజు బంతి కాదు, గుట్టే కనబడదు. కనబడనప్పుడు వినబడాలి. అందుకని గుట్ట నుంచి కోటకు, నగరం నెత్తి మీదుగా, దాదాపు 1,200 మీటర్ల తీగ లాగి, విద్యుత్ సంకేతంతో ఫిరంగిని పేల్చారు. అయితే వెలుగు వచ్చినంత వేగంగా చప్పుడు రాదు కదా. దానికోసం 1861లోనే ఒక పటం అచ్చువేశారు. కోట చుట్టూ వలయాలు గీసి, ఏ వలయంలో ఉన్నవాళ్లకు చప్పుడు ఎన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుందో అందులో చూపారు. ఆ పటం గురించి చదివిన రోజు నా పావురాల పేరా మీద నాకే జాలి కలిగింది. వలయాలు వలయాలుగా నగరం మీద పరుచుకునే చప్పుడు నిజంగా ఉండగా, నేను లేని పావురాల్ని ఎగరేశాను.

గ్రంథాలయాన్ని వాడుకోండి. విద్యార్థికి ఉన్న రెండో సంపద అదే. పర్యాటకుడి చేతిలో గైడు పుస్తకం మాత్రమే ఉంటుంది. మీకు పాత పటాలు, పాత పత్రికలు, ఆ ఊరి చరిత్ర పాఠం చెప్పే అధ్యాపకుడి తలుపు, అన్నీ అందుబాటులో ఉంటాయి. అలాగని దొరికినదంతా వ్యాసంలోకి ఎత్తకూడదు. నేను ఆ ఫిరంగి గురించి ముప్పై పేజీల నోట్సు రాసుకున్నాను. వ్యాసంలోకి వచ్చినవి నాలుగు వాక్యాలు.

విదేశంలో చదువుకుంటూ యాత్రారచన చేయడం ఇప్పటి మాట కాదు. మనకు బాగా తెలిసిన ఇద్దరు చైనా యాత్రికులు విద్యార్థులే. హ్యూయన్ త్సాంగ్ నాలందాలో శీలభద్రుడి దగ్గర చదువుకున్నాడు. 645లో స్వదేశం చేరి, మరుసటి ఏడాదికల్లా చక్రవర్తి కోరిక మీద తాను తిరిగిన దేశాల వృత్తాంతాన్ని పన్నెండు భాగాలుగా ముగించాడు. ఊరి నుంచి ఊరికి ఏ దిక్కు, ఎంత దూరం అని విసుగులేకుండా రాశాడు. 19వ శతాబ్దంలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మట్టిలో కలిసిపోయిన బౌద్ధ క్షేత్రాల జాడ తీసింది ఆ దిక్కులూ దూరాలూ పట్టుకునే. ఎడమ పేజీ ఎంతకాలం బతుకుతుందో అక్కడ తెలుస్తుంది.

నాకు ఇంకా ఇష్టమైనవాడు ఇత్సింగ్. 671లో ఓడెక్కి, దారిలో శ్రీవిజయ రాజ్యంలో ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చుకుని, ఆ పైన నాలందాలో దాదాపు పదేళ్లు చదువుకున్నాడు. పళ్లు తోముకునే పుల్ల ఎలా నమలాలి, భోజనానికి ఎలా కూర్చోవాలి, స్నానం ఎప్పుడు చేయాలి అని అతను రాసినవి చదువుతుంటే, హాస్టల్లో కొత్తగా చేరిన కుర్రాడు పక్కవాళ్లను గమనిస్తున్నట్టే ఉంటుంది. నాలందాలో కాలం కొలిచే పద్ధతిని కూడా అతను రాశాడు. అడుగున బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్లలో వదులుతారు. అది నిండి మునిగినప్పుడల్లా డప్పు కొడతారు. మన భాషలో దాన్ని గడియకుడుక అన్నారు. పదమూడు వందల ఏళ్ల తేడాతో ఇద్దరు పరాయి విద్యార్థులు పరాయి ఊళ్లో పొద్దును చాటే చప్పుడు దగ్గరే ఆగిపోయారని తెలిసి కొంత గర్వపడ్డాను. అయితే అతను బెజ్జం సంగతి రాశాడు, నేను పావురాల సంగతి రాశాను.

ఎవరికోసం రాయాలన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఒక్కరికోసం రాయండి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలకు తిరిగివచ్చేదాకా, దారిలో చూసినదంతా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి రాస్తూ వచ్చారు. అది 1838లో అచ్చయింది. ఇంగ్లండ్ యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ 1873లో అమెరికాలోని రాకీ పర్వతాల్లో గుర్రం మీద తిరుగుతూ రాసినవి తన చెల్లెలు హెన్రియెట్టాకు రాసిన ఉత్తరాలే. 1879లో అవి పుస్తకమయ్యాయి. ఆవిడ కన్నుమూసింది కూడా ఎడిన్‌బరోలోనే, 1904లో. పాఠకలోకం అనే ఆకారంలేని గుంపును ఎదురుగా పెట్టుకుంటే గొంతు ఉపన్యాసమైపోతుంది. పిళ్ళైగారికి రాస్తే, ఈ నదికి పడవలున్నాయా, ఈ మజిలీలో బియ్యం దొరుకుతుందా అన్నవి వాటంతటవే వస్తాయి, ఎందుకంటే ఆ మిత్రుడు అడిగేవి అవే. నేను కూడా ఆ తర్వాత నా వ్యాసాలను మా అక్కకు ఉత్తరాలుగానే మొదలుపెట్టేవాణ్ని. "అయితే ఏంటి?" అని మొహమాటం లేకుండా అడగగలిగిన పాఠకురాలు దొరకడం అదృష్టం.

మరో రెండు మూడు సంగతులు క్లుప్తంగా చెబుతాను. మీతో గది పంచుకున్నవాళ్లు, మీకు అన్నం పెట్టినవాళ్లు మీ వ్యాసంలో పాత్రలు కావడానికి ఒప్పుకుని మీతో స్నేహం చేయలేదు. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరం వాడేముందు అడగండి. వద్దంటే వదిలెయ్యండి, దానివల్ల వ్యాసం కుంటుపడితే పడనివ్వండి. ఎవరైనా అన్న మాటను అదే రోజు రాత్రి రాసుకోండి. మూడో రోజుకు అది మీ మాట అయిపోతుంది. 'మన దగ్గరైతే' అనే పోలిక కుడి పేజీలో ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు కానీ, ఎడమ పేజీలోకి రానివ్వకూడదు. డబ్బు విషయం కూడా ఒకటుంది, దీన్ని రచనా తరగతుల్లో ఎవరూ చెప్పరు: బ్రిటన్‌లో విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు స్వయం ఉపాధి చేయకూడదు. పత్రికలకు ఫ్రీలాన్స్‌గా రాసి పారితోషికం తీసుకోవడం కూడా దానికిందికి రావచ్చు కనుక, ఒప్పుకునేముందు విశ్వవిద్యాలయంలోని వీసా సలహాదారుల్ని అడిగి తెలుసుకోండి. ఇతర దేశాల నియమాలు వేరుగా ఉంటాయి, అక్కడా ఇదే జాగ్రత్త.

చివరిగా, ఆ పేరా ఏమైందో చెప్పి ముగిస్తాను. రెండో ఏడాది ఏప్రిల్లో, ఈసారి తోటలో కాకుండా కాల్టన్ గుట్ట ఎక్కి, నెల్సన్ స్తంభం కింద కూర్చుని రాశాను. చదువుతాను.

"స్తంభం మీది బంతి జారింది. అదే క్షణంలో దూరాన కోట గోడ మీద తెల్లని పొగ పువ్వులా విచ్చుకుంది. నాలుగు లెక్కపెట్టాక చప్పుడు వచ్చింది. పక్కన కూర్చున్న అమ్మాయి, చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, సంచిలో చేయి పెట్టి టిఫిన్ డబ్బా తీసింది."

మా ఉపాధ్యాయురాలు ఇది విని, "పువ్వు తీసెయ్యండి" అన్నారు. తీసేశాను. ఇంకో తప్పు నాకు నేనే పట్టుకున్నాను. కోటకూ స్తంభానికీ మధ్య దూరం పటం మీద కొలిస్తే సుమారు 1,270 మీటర్లు వచ్చింది. ఆ చలిలో ధ్వని వేగానికి భాగిస్తే నాలుగు సెకన్లకు కొంచెం తక్కువే. అచ్చులో నాలుగు అనే ఉంది, ఎందుకంటే నేను లెక్కపెట్టింది నాలుగే. క్షేత్ర పుస్తకంలో మాత్రం కుడి పేజీ మూల పెన్సిల్‌తో చిన్నగా 3.8 అని రాసి ఉంది.